బహ్రెయిన్ ముత్యాల చౌరస్తాకు నోట్స్‌లో ఒక్క లైనేనా?

లింబాద్రి_మెట్‌పల్లి:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే కానీ నేను రాసింది తక్కువ. తప్పులుంటే సర్దుకోండి.

మా బిడ్డ డిగ్రీ అయిపోయి గ్రూప్-2కు చదువుతోంది. మొన్న రాత్రి నోట్స్ పైకి చదువుకుంటుంటే విన్నాను. "అరబ్ వసంతం. ట్యునీషియా: మల్లె విప్లవం, బెన్ అలీ పరారీ. ఈజిప్టు: తహ్రీర్ స్క్వేర్, ముబారక్ రాజీనామా. లిబియా: గడాఫీ మరణం. బహ్రెయిన్: షియాల అల్లర్లు, సౌదీ సైన్యం అణచివేత." అరబ్ దేశాల జనం పాలకుల మీద తిరగబడ్డ కథంతా అంతే. పేజీ తిప్పితే బ్రెగ్జిట్.

"ఆ బహ్రెయిన్ లైన్లో నేనున్నా బిడ్డా" అన్నాను. నవ్వింది. "నువ్వు కుబ్బూస్‌ల బండి నడిపినవ్ కదా బాపూ" అంది.

నిజమే, నడిపింది కుబ్బూస్‌ల బండే, అంటే అక్కడి రొట్టెల బండి. 2006 నుంచి 2014 దాకా మనామాలో ఒక బేకరీలో డ్రైవర్‌ని. తెల్లవారుజామున మూడింటికి లోడు ఎత్తుకుని కోల్డ్ స్టోర్లకు వేసేవాణ్ని. బహ్రెయిన్‌లో మన కిరాణా కొట్టు లాంటి దాన్ని కోల్డ్ స్టోర్ అంటారు. సిత్రా, సనాబిస్, దైహ్ లాంటి ఊళ్లన్నీ నా లైనులోనే ఉండేవి. రోజూ ఆ ముత్యాల రౌండబౌట్ చుట్టే తిరగాలి. సర్కారు పెట్టిన పేరు వేరు, జనం మాత్రం దువార్ లూలూ అనేవాళ్లు. పడవ తెరచాపల్లాంటి ఆరు కమానులు పైకి లేచి ఒక పెద్ద ముత్యాన్ని పట్టుకుని ఉండేవి. గల్ఫ్‌లో ఆరు దేశాల కూటమి ఉంది కదా, దానికి గుర్తుగా 1982లో కట్టారు. నూనె దొరకక ముందు ఆ దేశం బతికింది ముత్యాల మీదే.

2011 ఫిబ్రవరి 14న మొదలైంది. ఒకటి రెండు రోజుల్లోనే ఆ రౌండబౌట్ జాతరలా అయ్యింది. గుడారాలు, చాయ్, పాప్‌కార్న్ మిషన్. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. "సిల్మియ్యా, సిల్మియ్యా" అని అరిచేవాళ్లు, శాంతియుతం అని. నాకు అర్థమైన అరబీ ఆ ఒక్క ముక్కే. గురువారం, అంటే 17న, నేను లోడుతో బయల్దేరే టైముకే పోలీసులు పడుకున్న వాళ్ల మీద పడ్డారు. హెలికాప్టర్ చప్పుడు. బండి అద్దాలు పైకే ఉన్నాయి, అయినా కళ్లు మండాయి. ఆ రోజు కుబ్బూస్‌లకు కూడా టియర్ గ్యాస్ వాసన పట్టి ఒక కొట్టువాడు సరుకు వాపస్ ఇచ్చాడు. నలుగురు చనిపోయారని మధ్యాహ్నానికి తెలిసింది. రెండు రోజులకే జనం మళ్లీ వచ్చి కూర్చున్నారు.

మార్చి 14న సౌదీ నుంచి వంతెన మీదుగా మిలిటరీ దిగింది. తెల్లారి ఎమర్జెన్సీ పెట్టారు. 18న, శుక్రవారం, ఆ స్తంభాన్నే కూల్చేశారు. అది పడుతున్నప్పుడు ఒక కమాను క్రేన్ మీద పడి క్రేన్ డ్రైవర్ చనిపోయాడు. మనలాంటి వలస కూలీయే. ఆయన పేరు ఏ నోట్స్‌లోనూ ఉండదు. ఆ కట్టడం ఒక చేదు జ్ఞాపకం, అందుకే తీసేశామన్నట్టు వాళ్ల విదేశాంగ మంత్రి చెప్పారు. తర్వాత ఆ చోట సిగ్నల్ జంక్షన్ కట్టి ఫారూఖ్ జంక్షన్ అని పేరు పెట్టారు. ఏళ్ల తరబడి అటు ఎవర్నీ పోనివ్వలేదు, నేను ఇంటికి వచ్చేదాకా చుట్టూ తిరిగే పోయాను.

అయిదు వందల ఫిల్స్ నాణెం ఒకటి ఉండేది, అర దినార్. అప్పట్లో మన 60 రూపాయల చిల్లర. రెండు రంగుల లోహం, దాని మీద ఆ ముత్యం స్తంభం బొమ్మ. దాన్ని కూడా వెనక్కి తీసుకున్నారు. కోల్డ్ స్టోర్ల నుంచి వచ్చిన చిల్లర లెక్కపెట్టేటప్పుడు ఆ నాణేలు వేరుగా తీసి బ్యాంకుకు పంపాలని మాకు చెప్పారు. మా బేకరీలో లెక్కలు చూసే బహ్రెయినీ పెద్దాయన ఉండేవాడు, అందరం హజ్జీ అనేవాళ్లం. సిత్రా వైపు మనిషి, షియా. ఒక రోజు నేను ఒక నాణెం జేబులో వేసుకోవడం ఆయన చూశాడు. ఏమీ అనలేదు. డ్రాయర్ మూసి, నాణేల లెక్కలో ఒకటి కొట్టేసి మళ్లీ రాశాడు.

ఆ నాణెం ఇప్పుడు మా ఇంట్లో పోపు డబ్బాలో మెంతుల కింద ఉంది. అక్కడైతే ఎవరూ ముట్టరని మా ఆవిడ పెట్టింది.

ఇంకో సంగతి. అదే మార్చిలో, 10వ తారీఖున, మా తమ్ముడు హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్‌లో ఉన్నాడు. "ఈజిప్టు లెక్క చేస్తున్నం అన్నా" అని ముందు రోజు ఫోన్ చేశాడు. వాడికి ఆ పేరు కూడా తహ్రీర్ నుంచే వచ్చింది. ఆ రోజు అక్కడ విగ్రహాలు కూలాయి. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా చెబితే తమ్ముడిది ఉద్యమం, నేను చూసింది అల్లర్లు. ఒకే నెల, ఒకే తల్లి పిల్లలం.

నా ప్రశ్న ఏంటంటే, ఆ దేశాల్లో వాళ్లు ఇప్పుడు ఇదంతా ఎలా చెప్పుకుంటున్నారు? ఏ మాట ఎవరు పెడతారు? బిడ్డకు నేను ఏమని చెప్పాలి? నా దగ్గర ఫొటోలు కూడా లేవు. సర్కారు టీవీలో ఊరేగింపు ఫొటోలు వేసి, ఒక్కొక్కరి ముఖం చుట్టూ గీత గీసి చూపించేవాళ్లు. వాళ్ల సొంత ఫుట్‌బాల్ ఆటగాళ్లనే అట్లా చూపించారు. అది చూసి మా రూములో అందరం ఫోన్లు తీసి ఒక్కటి మిగలకుండా డిలీట్ చేసుకున్నాం.

---

సుగుణ_పాత_డెస్క్:

లింబాద్రి గారూ, మీ బిడ్డ నోట్స్‌లో ఆ "అల్లర్లు" అనే మాట పెట్టిన చేతుల్లో నాదీ ఒకటి కావచ్చు.

2011లో హైదరాబాద్‌లో ఒక తెలుగు పత్రికలో అంతర్జాతీయ పేజీ చూసేదాన్ని. సాయంత్రం ఆరు నుంచి రాత్రి ఒంటిగంట దాకా ఏజెన్సీ వార్తలు వరుసగా వచ్చిపడేవి. ఈజిప్టు వార్తల్లో "రెవల్యూషన్" అని వచ్చేది, మేం విప్లవం అని వేసేవాళ్లం. బహ్రెయిన్ వార్తల్లో "అన్‌రెస్ట్" అని వచ్చేది, అల్లర్లు అని వేసేవాళ్లం. హెడ్డింగ్‌లో అశాంతి కంటే అల్లర్లు బాగా కూర్చుంటుంది కాబట్టి. అంతకు మించి ఆలోచన ఏమీ లేదు. కుర్చీ దిగినవాడి దేశంలో జరిగింది విప్లవం. దిగనివాడి దేశంలో జరిగింది గొడవ. ఎడిటోరియల్ మీటింగ్‌లో ఎవరూ ఇలా చెప్పరు, కానీ పాత ఫైళ్లు తిరగేస్తే అదే కనపడుతుంది.

"మల్లె విప్లవం" కూడా బయటి వాళ్లు తగిలించిన పేరే. ట్యునీషియా వాళ్లలో చాలామంది దాన్ని ఇష్టపడరు. గౌరవం కోసం చేసిన విప్లవం అంటారు, అరబీలో కరామా. మాకు మల్లె ఎంత ముద్దొచ్చిందంటే ఒక ఆదివారం ప్రత్యేక కథనానికి పేజీ నిండా మల్లెపూల బొమ్మ వేశాం. మనుషులు కాలిపోయిన కథకు!

ఇక అసలు తప్పు చెబుతాను. సీదీ బూజీద్‌లో 2010 డిసెంబరు 17న ఒంటికి నిప్పంటించుకున్న మొహమ్మద్ బువాజీజీ. ఆయన పట్టభద్రుడని, ఉద్యోగం దొరక్క పండ్లు అమ్ముకున్నాడని వేశాం. కాదు, హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్ ఒకావిడ చెంప మీద కొట్టిందని వేశాం. ఆ చెంపదెబ్బ మీదే నేను మొదటి వాక్యం రాశాను, బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఆవిడ నాలుగు నెలలు నిర్బంధంలో ఉంది. 2011 ఏప్రిల్ 19న కోర్టు ఆవిడ మీద కేసు కొట్టేసింది, కొట్టలేదనే ఆవిడ మొదట్నుంచీ చెప్పింది. ఆ వార్త ఏజెన్సీలో నాలుగు లైన్లు వచ్చింది. ఆ రాత్రి పేజీలో చోటు లేక పక్కన పెట్టాను. మర్నాడు అది పాతదైపోయింది.

పట్టభద్రుడు, చెంపదెబ్బ, ఆడ ఆఫీసరు. ఈ మూడూ ఉంటేనే కథ కుదురుతుందని మాకు, మాకంటే ముందు ఏజెన్సీలకు, వాళ్లకంటే ముందు ఆ ఊళ్లో మొదట ఫేస్‌బుక్‌లో పెట్టినవాళ్లకు అనిపించింది. బండి లాక్కున్నది, తూకం లాక్కున్నది, గవర్నరు ఆఫీసులో ఎవరూ మొహం చూడనిది చాలలేదు.

"షియాల" అన్న మాట కూడా అలాంటిదే. బహ్రెయిన్‌లో షియాలు ఎక్కువ, పాలించేది సున్నీ కుటుంబం, అది నిజమే. కానీ మొదటి రోజుల డిమాండ్లు రాజ్యాంగం గురించి, ఎన్నికైన ప్రభుత్వం గురించి, 1971 నుంచి ఒకే మనిషి ప్రధానిగా ఉండటం గురించి. ఫిబ్రవరి 14ను ఎంచుకోవడానికి కారణం, పదేళ్ల ముందు సరిగ్గా అప్పుడే సంస్కరణల చార్టర్ మీద ఓటింగ్ జరిగింది. ఇచ్చిన మాట ఏమైందని అడగడానికి ఆ తేదీ. నోట్స్‌లో ఆ లైను రాసినాయనకు ఇది పట్టలేదు, నాకూ పట్టలేదు.

ఒకటి అడగాలి. మీరు అంతా చూసినట్టు రాశారు, కానీ ఆ రోజుల్లో మీకు ఎలా ఉండేదో రాయలేదు. మీరు ఎవరి వైపు?

---

నాణేల_శీను:

అన్నా, ఆ 500 ఫిల్స్ నాణెం ఏ సంవత్సరం? 2000దా, 2002దా? కండిషన్ ఎలా ఉంది? మెంతుల్లో పెడితే నూనె పట్టి మచ్చలు వస్తాయి, దయచేసి తీసి పేపర్లో చుట్టండి. అమ్మే ఉద్దేశం ఉంటే ముందు నాకు చెప్పండి.

---

ఫాస్ఫేట్_ప్రసాద్:

నేను ట్యునీషియాలో మూడేళ్లు పనిచేశాను. స్ఫాక్స్‌కు దక్షిణంగా సముద్రం ఒడ్డున ఫాస్ఫారిక్ యాసిడ్ ప్లాంట్‌లో. మన పొలాల్లో వేసే డీఏపీ బస్తాకు కావలసిన యాసిడ్‌లో కొంత అక్కడి నుంచే వస్తుంది కాబట్టి మన వాళ్లు అక్కడ ఉండటం వింతేమీ కాదు.

సుగుణ గారు చెప్పిన తోపుడు బండి కథతో మా ప్లాంట్ కార్మికులు ఒప్పుకునేవాళ్లు కాదు. "మొదలైంది 2008లో, మా దగ్గర" అనేవాళ్లు గఫ్సా గనుల వైపు నుంచి వచ్చినవాళ్లు. రెదేయెఫ్ అని ఒక గనుల ఊరు ఉంది. 2008 జనవరిలో ఫాస్ఫేట్ కంపెనీ ఉద్యోగాల లిస్టు పెట్టింది. సిఫార్సు ఉన్నవాళ్ల పేర్లే వచ్చాయని జనం రోడ్డెక్కారు. ఫాస్ఫేట్ రైలు పట్టాల మీద కూర్చున్నారు. ఆర్నెల్లు సాగింది, తుపాకులతో అణచేశారు. టీవీలో ఒక్క ముక్క రాలేదు. అప్పట్లో అక్కడ చేతిలో కెమెరా ఫోన్ ఉన్నవాళ్లు తక్కువ, ఫేస్‌బుక్ ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. అందుకని వాళ్ల పేర్లు ప్రపంచానికి తెలియలేదు. మా షిఫ్ట్‌లో ఒక ఫిట్టర్ ఉండేవాడు. టీ తాగేటప్పుడు ఎవరైనా బువాజీజీ పేరెత్తితే గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లిపోయేవాడు. బువాజీజీ మీద కోపం కాదు. తన అన్నకు అప్పుడు జైలు పడింది.

తేదీ గొడవ ఇంకా తమాషా. అప్పటి అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి విమానం ఎక్కింది 2011 జనవరి 14న. పదేళ్లు అదే పండగ. ట్యూనిస్‌లో పెద్ద రోడ్డు మీద సభలన్నీ అప్పుడే. లోపలి ఊళ్ల వాళ్లు మాత్రం డిసెంబరు 17 అంటారు, ప్రాణాలు పోయింది మా పల్లెల్లో, పేరు రాజధానికా అని. 2021లో అధ్యక్షుడు కైస్ సయీద్ పండగను డిసెంబరు 17కే మార్చాడు. పల్లెల మాట నెగ్గింది కదా అనుకుంటాం. కానీ ఆయన అదే ఏడు జులై 25న పార్లమెంటును సస్పెండ్ చేసి అధికారమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. జనవరి 14 అంటే పార్టీలకు, సభలకు గుర్తు. ఆ గుర్తు పోవాలి. అడిగినవాళ్లకు వాళ్లడిగిందే ఇచ్చాడు, తనకు కావలసింది తీసుకున్నాడు.

చచ్చిపోయినవాళ్ల లెక్క కూడా అలాగే. 2012లో విచారణ కమిషన్ 338 మంది అంది. సర్కారు గెజిట్‌లో అమరుల తుది జాబితా వచ్చేసరికి 2021 మార్చి అయ్యింది, అందులో 129 పేర్లే. ఎవరు అమరుడు, ఎవరు కాదు అని పదేళ్లు నలిగింది. కమిషన్ లెక్కలో జైళ్లలో చనిపోయినవాళ్లున్నారు, పోలీసులూ ఉన్నారు. పేరు లేని ఇళ్ల వాళ్లు గెజిట్ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం చూశాను. మనకూ అమరుల జాబితాల గొడవ కొత్త కాదు, లింబాద్రి గారికి చెప్పక్కర్లేదు.

ఒక మంచి పని మాత్రం జరిగింది. పాత పాలకుల కాలంలో జరిగిన అన్యాయాలు విచారించడానికి సత్యం, గౌరవం కమిషన్ అని 2014లో మొదలుపెట్టారు. 62 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. 2016 నవంబరు 17 రాత్రి మొదటి బహిరంగ విచారణ టీవీలో లైవ్ ఇచ్చారు, అదీ బెన్ అలీ భార్య వాడుకున్న క్లబ్బులో కూర్చుని. పోయిన కొడుకుల తల్లులు మాట్లాడారు. అది చూసినవాళ్లు ఆ రాత్రి గురించి ఇప్పటికీ చెబుతారు. ఆ కమిషన్‌ను నడిపిన సిహెమ్ బెన్ సెద్రిన్‌ను 2024 ఆగస్టులో అరెస్టు చేశారు. తర్వాత విడిచిపెట్టారు.

---

అజీజ్_కడప:

అస్సలాము అలైకుమ్, నమస్తే. నేను హైదరాబాద్‌లో అరబీ చదివి కైరోలో కొన్నాళ్లు ఉన్నవాణ్ని. పొట్ట కోసం టూరిస్టు గ్రూపులకు తర్జుమా.

ముందు "వసంతం" మాట. మనకు వసంతం అంటే ఉగాది, కోయిల, మామిడి పూత. ఈజిప్టులో ఆ రోజుల్లో ఖమ్సీన్ గాలి వస్తుంది, నోట్లో ఇసుక, కళ్లలో ఇసుక. పైగా ఇదంతా జరిగింది జనవరి చలిలో. నా పక్కింటాయన "అర్రబీ అల్ అరబీ" అన్న మాట టీవీలో వస్తే ఛానెల్ మార్చేవాడు. ఆయనకు అది థౌరా. అంటే విప్లవం, ముందు ఏ విశేషణమూ లేదు.

జనవరి 25 సంగతి వినండి. అది అక్కడ పోలీసుల దినం. 1952లో ఇస్మాయిలియాలో బ్రిటిష్ సైన్యం ముందు లొంగకుండా పోలీసులు ప్రాణాలిచ్చిన రోజు. ఆ గౌరవాన్ని పోలీసులే పోగొట్టారని చెప్పడానికి 2011లో కుర్రాళ్లు కావాలనే ఆ తేదీ ఎంచుకున్నారు. అంతకు ముందు జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే కుర్రాణ్ని పోలీసులు కొట్టి చంపారు. ఇప్పుడు ఆ సెలవు రెండింటికీ కలిపి. కానీ బ్యానర్ మీద పోలీసుల బొమ్మే పెద్దగా ఉంటుంది. 2014 రాజ్యాంగం ముందుమాటలో "జనవరి 25 - జూన్ 30 విప్లవం" అని రెండూ ఒకే ముడి వేశారు. ముబారక్ దిగిపోవడం, 2013లో ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని సైన్యం దించడం, రెండూ ఒకే కథ అన్నట్టు. ఆ రెండింటి తర్వాత ఆగస్టు 14న మోర్సీ వైపు వాళ్లు కూర్చున్న కైరోలోని రబా చౌరస్తాలో ఒక్క రోజులో కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. ఆ రోజుకు ఏ బోర్డూ లేదు.

తహ్రీర్ పక్కన మొహమ్మద్ మహమూద్ వీధి గోడల మీద చనిపోయినవాళ్ల ముఖాలు వేసేవాళ్లు. 2012 సెప్టెంబరులో మునిసిపాలిటీ రంగు కొట్టింది, ఆ తడి ఆరకముందే మళ్లీ వేశారు. అలా ఎన్నోసార్లు. గోడలో కొంత తర్వాత పగలగొట్టేశారు. తహ్రీర్ మధ్యలో 2020లో రెండో రామ్సెస్ కాలపు స్తంభం నిలబెట్టి చుట్టూ నాలుగు పొట్టేలు తల సింహాలు పెట్టారు. నా టూరిస్టులు దాని ముందు ఫొటో దిగేవాళ్లు. ఇక్కడ ఏం జరిగింది అని అడిగితే నేను మూడువేల ఏళ్ల నాటి సంగతి చెప్పి బస్ ఎక్కించేవాణ్ని. సిగ్గుగానే ఉంటుంది చెప్పాలంటే. లైసెన్సు సర్కారు చేతిలో ఉంటుంది.

ఒకటి మాత్రం మిగిలింది. ముబారక్ పేరున్న మెట్రో స్టేషన్‌కు 2011లో అమరుల స్టేషన్ అని పేరు మార్చారు, అష్షుహదా. ఇప్పటికీ అదే. రోజూ లక్షల మంది "షుహదా దిగుతున్నారా" అని ఒకరినొకరు అడుగుతుంటారు, ఏ అమరులో ఎవరూ తలుచుకోరు.

లింబాద్రి అన్నా, మీరు ఫొటోలు డిలీట్ చేసినందుకు బాధపడకండి. కైరోలో కొందరు దానికి ఉల్టా పని చేశారు. వీధుల్లో తీసిన వీడియోలన్నీ కూడగట్టి 2018 జనవరిలో 858 గంటల ఫుటేజీ నెట్‌లో పెట్టారు. కథగా ఎడిట్ చేయలేదు. గంటల కొద్దీ నడిచే కాళ్లు, దగ్గులు, ఎవరో ఎవరినో పిలవడం. నేను చూసిన వాటిలో నాకు నమ్మకం కలిగించింది అదే.

బహ్రెయిన్ గురించి ఒక కాగితం ఉంది, మీకు పనికొస్తుంది. ఈజిప్టులో పుట్టిన న్యాయ నిపుణుడు షరీఫ్ బస్సియూనీ అధ్యక్షతన రాజే వేయించిన కమిషన్ 2011 నవంబరు 23న 500 పేజీల రిపోర్ట్ ఇచ్చింది. 35 మరణాలు, కస్టడీలో హింస అన్నీ రాశారు. దక్షిణాసియా కార్మికుల మీద జరిగిన దాడులూ రాశారు. బిడ్డను అది చూడమనండి.

---

లింబాద్రి_మెట్‌పల్లి:

అందరికీ దండాలు. రెండు రోజులు రాయలేకపోయాను, సుగుణ మేడమ్ అడిగిన దానికి జవాబు తట్టలేదు.

శీను తమ్మీ, నాణెం అమ్మను. మెంతుల్లోంచి మాత్రం తీశాం. 2000 అని ఉంది.

ఎవరి వైపు అంటే, నేను రోడ్డు వైపు మేడమ్. రోడ్డు మూస్తే నాకు ట్రిప్పులు లేవు, ట్రిప్పులు లేకపోతే ఓవర్‌టైమ్ లేదు. ఫిబ్రవరి, మార్చి రెండు నెలలు ఇంటికి సగమే పంపాను. మా ఆవిడ పుస్తెలతాడు కుదువలో ఉంది అప్పుడు. ఆ గుడారాల వాళ్లను మనసులో ఎన్ని తిట్టానో లెక్క లేదు. మీకు కార్లున్నయి, ఇండ్లున్నయి, ఇంకేం కావాలె అని. వాళ్లు ఒక్క దినార్ నోట్లు పైకెత్తి ఊపేవాళ్లు. హార్బర్ దగ్గర విలువైన స్థలాన్ని ప్రధాని ఒక్క దినార్‌కు కొన్నాడన్నది వాళ్ల ఆరోపణ. అది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పైసలు ఊపుతున్నారేంటి, మదమెక్కి అనుకున్నాను.

భయం కూడా. అక్కడి పోలీసుల్లో పాకిస్తాన్ నుంచి తెచ్చుకున్నవాళ్లు చాలామంది, అందుకని ఆ కోపం మన రంగున్న వాళ్లందరి మీదికీ వచ్చేది. మార్చిలో ఒక పొద్దున సిత్రా దారిలో ముఖాలకు గుడ్డలు కట్టుకున్న పిల్లలు బండి ఆపారు. "బాకిస్తానీ?" అన్నాడొకడు. వాళ్లకు ప పలకదు. "లా, హిందీ, హిందీ" అన్నాను, గొంతు లేవలేదు. ఒకడు వెనక తలుపు తీసి రెండు ప్యాకెట్లు తీసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను. వాడు జేబులో చెయ్యి పెట్టి సరిగ్గా వాటి ధర చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. పదిహేనేళ్లు ఉంటాయేమో. ఇది ఇప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు.

ట్యాంకులు వచ్చిన రోజు మా రూములో ఊపిరి పీల్చుకున్నాం. నేనూ పీల్చుకున్నాను. ఫతే మసీదు దగ్గర సర్కారు వైపు పెద్ద సభ జరిగినప్పుడు కూడా మంచిగైంది, రోడ్లు తెరుస్తారు అనుకున్నాను. మా హజ్జీ పది రోజులు రాలేదు. వచ్చినప్పుడు ఎడమ చేయి ఎత్తలేకపోతున్నాడు. ఏమైందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాతి నెలలోనే నాణెం సంగతి జరిగింది.

నిన్న ఇదంతా బిడ్డకు చెప్పాను. నోట్స్‌లో "షియాల అల్లర్లు" కొట్టేసి ఏం రాయాలో తెలియక ఖాళీ పెట్టింది. పరీక్షలో వస్తే మాత్రం పాతదే రాస్తానంది, మార్కులు దానికే కదా. కాదనలేదు.

తర్వాత అడిగింది, "హజ్జీ ఇప్పుడెట్లున్నడు బాపూ? ఒకసారి ఫోన్ చేద్దాం." ఆ రోజు ఫొటోలు డిలీట్ చేసినప్పుడు ఆయన నంబరు కూడా తీసేశాను. మళ్లీ అడిగి తీసుకోలేదు, ఇంకా మూడేళ్లు ఒకే గదిలో పనిచేసినా.